రాయగడ్ కోటలో శివాజీ విగ్రహం: శిథిలాలతో కలిపి ఫోటో ఎలా తీయాలి?

కావలి కెమెరా · డిసెంబర్ 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కావలిలో చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పదిహేడేళ్ళుగా పెళ్ళిళ్ళు, బారసాలలు, గృహప్రవేశాలు తీస్తున్నాను. మనిషి ముఖం మీద వెలుగు ఎలా పడాలో తెలుసు. పాడుబడిన కోట మధ్య ఉన్న విగ్రహాన్ని మాత్రం శ్రద్ధగా ఎప్పుడూ తీయలేదు. అందుకే ఈ ప్రశ్న.

సంక్రాంతి వెళ్ళాక మా నాన్నగారిని తీసుకుని మహారాష్ట్రలోని రాయగడ్ వెళ్తున్నాను. ఆయన ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పారు. శివాజీ పట్టాభిషేకం పాఠం వచ్చిన రోజు నల్లబల్ల మీద కోట పటం గీసి, కింద 1674 జూన్ 6 అని పెద్ద అక్షరాలతో రాసేవారు. ఆయన దగ్గర చదివినవాళ్ళు ఎదురుపడితే ఇప్పటికీ ఆ సంగతే ఎత్తుతారు. కోటను ఆయన కళ్ళతో చూడలేదు. ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆయన అడిగింది ఒక్కటే. "విగ్రహం పక్కన నిలబెట్టి తీయడం కాదురా. కోట కనబడాలి. విగ్రహం ఒక్కటే అయితే ఏ ఊరి కూడలిలోనైనా తీయించుకునేవాడిని."

అంతర్జాలంలో వెతికితే రెండు రకాల ఫోటోలే కనిపిస్తున్నాయి. కింద నుంచి పైకి తీసినవాటిలో ఆకాశం తెల్లగా, ముఖం నల్లగా ఉంది. దూరం నుంచి తీసినవాటిలో శిథిలాలన్నీ ఉన్నాయి కానీ విగ్రహం అగ్గిపుల్లంత అయిపోయింది. నా దగ్గర 24-70, 70-200 మి.మీ. లెన్సులు, ఒక పాత 50, ఫ్లాష్ ఉన్నాయి. ఎక్కడ నిలబడాలి? ఏ వేళకు వెళ్ళాలి? అక్కడికి వెళ్ళినవారు ఉంటే దయచేసి చెప్పండి.

పెన్నా గట్టు · డిసెంబర్ 4, రాత్రి 10:25

తమ్ముడూ, నేను రెండుసార్లు వెళ్ళాను. ముందు స్థలం సంగతి తెలుసుకోండి, వేళ సంగతి దానంతట అదే తేలుతుంది.

కోటలో విగ్రహాలు రెండున్నాయి. ఒకటి రాజసభలో, సింహాసనం ఉండిన చోట, మేఘడంబరి అనే మండపం కింద కూర్చున్న విగ్రహం. రెండోది హోళీచా మాళ్ అనే బయలులో, ఆరుబయట. రాజసభ 220 అడుగుల పొడవు, 124 అడుగుల వెడల్పు. సింహాసనం తూర్పు ముఖంగా ఉండేది, విగ్రహమూ అలాగే ఉంది. దానికి సూటిగా ఎదురుగా, సభకు అవతలి కొసన, నగారఖానా అనే ఎత్తైన ద్వారం నిలిచి ఉంది. కనుక మేఘడంబరికి ఉదయమే మంచి వేళ. జనవరిలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు. వెలుగు విగ్రహం కుడి చెంప మీద ఏటవాలుగా పడుతుంది, ముక్కు, గడ్డం, పాగా మడతలు బాగా తేలుతాయి. పొద్దెక్కితే మండపం కప్పు నీడ ముఖం మీదికి దిగుతుంది. అప్పుడు మీ ఫ్లాష్ పనికిరాదు. దగ్గరికి వెళ్ళనివ్వరు, ఆ దూరానికి ఫ్లాష్ వెలుగు చాలదు.

నాన్నగారిని మెట్ల దారిన తీసుకువెళ్ళవద్దు. వెయ్యికి పైగా మెట్లున్నాయి, కోట సముద్రమట్టానికి 820 మీటర్ల ఎత్తున ఉంది. రోప్‌వే ఉంది, మొదటి ట్రాలీకే వరుసలో నిలబడండి. ఇంకొక మాట. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ట్రైపాడ్‌కు, డ్రోన్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. చేత్తో పట్టుకుని తీసేందుకే సిద్ధపడి వెళ్ళండి.

ఒంగోలు మాస్టారు · డిసెంబర్ 5, ఉదయం 6:15

కావలి సోదరా, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. నేనూ అదే పాఠం చెప్పినవాడినే.

లెన్సుల గురించి నాకు తెలియదు. ఫోటోలో ఏది పాతది, ఏది కొత్తది అన్న ఎరుక ఉండాలని మాత్రం చెప్పగలను. విగ్రహాలు మన కాలంలో పెట్టుకున్నవి. కింది రాళ్ళు ఆయన కాలంనాటివి. ఆ కోటను కట్టించినవాడు హిరోజీ ఇందుల్కర్. జగదీశ్వరాలయం మెట్టు మీద తన పేరు చెక్కించుకున్నాడు, సేవలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాడినని. అంత కోట కట్టినవాడు అడుగుపడే చోట పేరు ఉంచుకోవడం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ గొంతు పట్టేసేది. ఆ మెట్టును తప్పకుండా చూపించండి.

ఇక శిథిలం ఎందుకైందో తెలిస్తే ఎలా తీయాలో కూడా తెలుస్తుంది. 1818లో ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు పేల్చి కోటను పట్టుకున్నారు. అప్పుడు చెలరేగిన మంటల్లో కొయ్య కట్టడాలన్నీ పోయాయి. మిగిలినవి రాతి అరుగులు, గోడల మొదళ్ళు. అందుకే రాయగడ్‌లో చాలా చోట్ల గోడలు కనిపించవు, నేల పటమే కనిపిస్తుంది. ఎత్తైన గోడల కోసం వెతికితే నిరాశపడతారు. నేల వైపు చూడండి.

చీమకుర్తి రాయి · డిసెంబర్ 5, మధ్యాహ్నం 1:10

మాస్టారు చెప్పిన నేల మాటే నేను ఇంకో వైపు నుంచి చెబుతాను. రాతి పని మా ఇంటి పని. మా చీమకుర్తి నల్లరాయిలో రాగి రంగు మినుకులు ఉంటాయి, ఎండ తగిలితే మెరుస్తుంది. రాయగడ్ రాయి అలాంటిది కాదు. దక్కన్‌లో ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట లావా పొరలు పొరలుగా పరుచుకుని గట్టిపడిన బసాల్టు అది. మెరుపు లేని నలుపు, వెలుగును మింగేస్తుంది. దాని మధ్య నల్లటి లోహ విగ్రహం, వెనుక తెల్లటి ఆకాశం. కెమెరా ఈ మూడింటిని సగటు చేసి లెక్క కడుతుంది, ఆకాశం గెలుస్తుంది, ముఖం చీకటవుతుంది. మీరు చూసిన ఫోటోల జబ్బు ఇదే.

స్పాట్ మీటర్ (ఒక్క చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి ముఖం మీద కొలవండి. నల్లటి లోహాన్ని కొలిస్తే కెమెరా దాన్ని బూడిద రంగుకు తెస్తుంది కనుక అక్కడి నుంచి వెలుగు ఒక మెట్టు (స్టాప్) తగ్గించండి. రా (RAW) ఫైలు, అంటే కెమెరా దిద్దని ఫైలు తీయండి. ఎండ వేళల్లో మామూలు కొలతతో ఒకటి, రెండు మెట్లు తగ్గించి ఒకటి, రెండు మెట్లు పెంచి ఒకటి, మొత్తం మూడు ఫోటోలు తీసి ఉంచుకుంటే తర్వాత చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. లోహం మీద ఆకాశపు తెలుపు పూత పూసినట్టు కనబడితే లెన్సు ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పి చూడండి. అది లోహపు మెరుపును పెద్దగా తగ్గించదు కానీ పైనున్న మైనం, పాలిష్ పూతల మెరుపు కొంత తగ్గుతుంది.

శిల్పులు ఎత్తైన పీఠం మీద పెట్టే విగ్రహానికి తల కాస్త పెద్దదిగా చేస్తారు, కింద నుంచి చూసేవారికి చిన్నదిగా కనబడకుండా. మీరు పీఠం మొదట్లో నిలబడి 24 వైడ్‌తో పైకి ఎత్తి తీస్తే ఆ లెక్క చెడిపోతుంది, మనిషి వెనక్కి పడిపోతున్నట్టు వస్తాడు. కనీసం విగ్రహం ఎత్తుకు మూడింతల దూరం వెనక్కి నడవండి.

కావలి కెమెరా · డిసెంబర్ 5, రాత్రి 9:05

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి మాటలు నాన్నగారికి చదివి వినిపించాను. హిరోజీ మెట్టు గురించి విని చాలాసేపు మాట్లాడలేదు.

ఒక సందేహం. వెనక్కి నడిస్తే విగ్రహం చిన్నదవుతుంది కదా? శిథిలాలూ కావాలి, విగ్రహమూ కనబడాలి. రెండూ ఎలా?

పెన్నా గట్టు · డిసెంబర్ 5, రాత్రి 9:50

అక్కడే మీ 70-200 పని. హోళీచా మాళ్‌లోని విగ్రహానికి ముందు అంగడి వీధి ఉంది. రెండు వరుసల రాతి అరుగులు, వరుసకు 22 దుకాణాలు, మధ్యన 40 అడుగుల దారి. గుర్రం దిగకుండానే బేరమాడేందుకు అరుగులు అంత ఎత్తున కట్టారని అక్కడ చెప్పుకుంటారు. విగ్రహం ఆ వీధి వైపే చూస్తూ ఉంటుంది.

విగ్రహం దగ్గర నిలబడి వైడ్ లెన్సు పెడితే విగ్రహం పెరుగుతుంది, అంగళ్ళు మాయమవుతాయి. అంగళ్ళ మధ్య దారిలో వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి 135 దగ్గరో 200 దగ్గరో తీయండి. దగ్గరి అరుగుకూ దూరపు విగ్రహానికీ మధ్య ఎడం దగ్గరైనట్టు కనబడుతుంది. అరుగులు ఒకదాని వెనుక ఒకటి మెట్లలా పేర్చుకుని విగ్రహం దాకా వెళ్తాయి. దగ్గరిదీ దూరపుదీ స్పష్టంగా వచ్చేలా లెన్సు కన్నం చిన్నది చేసి f/11 పెట్టండి, షటర్ 1/250 కంటే తగ్గనివ్వకండి, ఐఎస్‌ఓ పెరిగినా ఫరవాలేదు. లెన్సు మార్చడం కాదు తమ్ముడూ, నిలబడే చోటు మార్చడమే దీనికి మందు.

కందుకూరు క్లిక్ · డిసెంబర్ 6, ఉదయం 8:30

ఇంత శ్రమ అవసరమా అన్నా? అక్కడ ఎప్పుడూ జనమే. ఫోనులో మామూలుగా తీసి, అడ్డొచ్చిన మనుషులను, ఇనుప కంచెను, తీగలను చెరిపేసే సౌకర్యం ఉంది. ఆకాశం కూడా మార్చుకోవచ్చు. రెండు నిమిషాల పని. నేను మా ఊరి గుడి ఫోటోలకు అలాగే చేస్తాను, చాలా బాగా వస్తాయి.

ఒంగోలు మాస్టారు · డిసెంబర్ 6, ఉదయం 9:20

నాయనా, నీ మీద కోపం లేదు, కానీ ఈ మాటను ఒప్పుకోలేను. తీగలు చెరిపినంత మాత్రాన కొంప మునగదు. ఆకాశం మార్చావంటే ఆ రోజు ఆ కోట మీద ఏ వెలుగు ఉందో ఆ నిజం పోయింది. ఫోను ఒక మనిషిని చెరిపినప్పుడు ఆ చోట రాళ్ళను సొంతంగా ఊహించి నింపుతుంది. హిరోజీ పేర్చని రాయి ఒకటి కోటలో చేరుతుంది. మరో యాభై ఏళ్ళకు ఒక విద్యార్థి నీ ఫోటో చూసి ఇరవై రెండు అంగళ్ళకు బదులు ఇరవై నాలుగు లెక్కపెట్టుకుంటే ఎవరిది తప్పు? శిథిలాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించడం చరిత్ర పట్ల మనకున్న కనీస బాధ్యత.

కందుకూరు క్లిక్ · డిసెంబర్ 6, ఉదయం 10:45

మాస్టారూ, రాళ్ళను అదే ఊహించి నింపుతుందన్న సంగతి నేను ఆలోచించలేదు. ఇప్పుడే మా గుడి ఫోటో పెద్దది చేసి చూశాను. ప్రాకారం మీద ఒక స్తంభం అదనంగా ఉంది. నిజంగా ఉంది. ఆ ఫోటో తీసేస్తున్నాను.

సోమశిల గాలి · డిసెంబర్ 6, సాయంత్రం 5:30

మనుషులను చెరపడం గురించి నాదొక మాట. నేను ఒక జూన్ 6న రాయగడ్‌లో ఉన్నాను. పట్టాభిషేక దినానికి జనం పోటెత్తుతారు. వానకు తడుస్తూ, చెప్పులు చేత పట్టుకుని, డోళ్ళు కొడుతూ ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు ఎక్కుతూనే ఉంటారు. ఒక తల్లి తన బిడ్డ నుదుటిని ఆ మట్టికి ఆనించింది. ఆ రోజు నేను తీసిన ఫోటోల్లో నాకు మిగిలింది అదొక్కటే. జనం లేని విగ్రహం కావాలని నాకు ఆ తర్వాత ఎప్పుడూ అనిపించలేదు.

మర్యాద మాత్రం పాటించాలి. 2018లో కొందరు సినిమా ప్రముఖులు మేఘడంబరిలో విగ్రహం పక్కన కూర్చుని ఫోటోలు దిగితే జనం మనసు నొచ్చుకుంది, వాళ్ళు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అది మన అరుగు కాదు, ఆయన సింహాసనం. నాన్నగారిని ఎక్కడ నిలబెట్టాలో అన్నప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి అన్నయ్యా.

దుర్గం దారి · డిసెంబర్ 7, రాత్రి 8:15

మాది ఉదయగిరి. ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. సంతోషంగానూ ఉంది, లోపల కాస్త నొప్పిగానూ ఉంది.

రాయగడ్ వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. శివాజీ మనకు పరాయివాడు కాదు. 1677లో దక్షిణాదికి దండు నడిపినప్పుడు గోల్కొండలో తానీషాను కలిసి, శ్రీశైలం దర్శించుకుని, జింజీకి సాగింది మన తెలుగు నేల మీదుగానే. కానీ మా కొండను కూడా తలచుకోండి. మూడు వేల అడుగుల కొండ, ఒక వైపు గోడలా నిటారుగా నిలిచిన రాయి. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తీసుకువెళ్ళి 1515లో దానికోసం గుడి కట్టించాడు. హంపీకి వెళ్ళినవాళ్ళు ఆ కృష్ణాలయాన్ని చూసి అబ్బురపడతారు. ఆ కృష్ణుడు బయలుదేరిన ఊరు మాత్రం ముళ్ళకంపల్లో ఉంది. కొండ మీద కోట గోడలు, గుళ్ళు, మసీదులు అన్నీ ఒకే ఎండకు ఎండుతున్నాయి. రాళ్ళ మీద రంగులతో పేర్లు రాసి వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు కన్నీళ్ళు వస్తాయి.

కావలి అన్నా, మీకు ఒక ఉపకారం చేయగలను. రాయగడ్ వెళ్ళేముందు మా దుర్గంలో సాధన చేయండి. శిథిలం ఒకటే, ఎండ ఒకటే. విగ్రహానికి బదులు ఎవరినైనా నల్ల దుప్పటి కప్పి రాతి మీద కూర్చోబెడదాం. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వంద కిలోమీటర్లే. దారి నేను చూపిస్తాను.

కావలి కెమెరా · డిసెంబర్ 7, రాత్రి 8:50

వస్తున్నాను తమ్ముడూ. ఆదివారం తెల్లవారేసరికి అక్కడ ఉంటాను.

కావలి కెమెరా · డిసెంబర్ 14, రాత్రి 10:30

ఉదయగిరి వెళ్ళి వచ్చాను. దుర్గం దారి తమ్ముడు నాలుగున్నరకే టార్చితో రంగనాయకుల గుడి దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. తానే దుప్పటి కప్పుకుని మూడు గంటలు కదలకుండా కూర్చున్నాడు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు.

మొదటి గంటలో తీసినవన్నీ పాడయ్యాయి. కారణం ఇంటికి వచ్చి చూసుకుంటే అర్థమైంది. పెళ్ళి ఫోటోల అలవాటు కొద్దీ f/2.8 దగ్గరే ఉండిపోయాను. విగ్రహం స్థానంలో ఉన్న మనిషి స్పష్టంగా ఉన్నాడు, వెనుక ప్రాకారం పాలు ఒలికినట్టు మసకబారింది. పెళ్ళిలో వెనుక నిలబడ్డవాళ్ళు మసకబారితే అందం. ఇక్కడ వెనుక ఉన్నదే కోట, దాన్నే చెరిపేశాను. కందుకూరు తమ్ముడు ఫోనుతో చెరిపినదాన్ని నేను లెన్సుతో చెరిపాను.

రెండో గంటలో ఇంకొకటి తెలిసింది. కింద నిలబడితే తమ్ముడి తల వెనుక ఆకాశం. ఎదుటి రాతి మీదికి నాలుగడుగులు ఎక్కితే తల వెనుక కొండ వాలు వచ్చింది. ఆకాశంతో తగువే లేదు. ముఖం మీద కొలత, వెనుక నేల మీద కొలత దాదాపు ఒకటే అయ్యాయి. చీమకుర్తి అన్న చెప్పిన జబ్బుకు ఇది కూడా ఒక మందు అనుకుంటున్నాను. తప్పయితే దిద్దండి.

చీమకుర్తి రాయి · డిసెంబర్ 15, ఉదయం 7:00

తప్పు కాదు, నేను చెప్పినదానికంటే మంచి మందు. నేను లెక్క చెప్పాను, మీరు కాళ్ళతో తేల్చారు. రాయగడ్‌లో నగారఖానా నుంచి హోళీచా మాళ్ వైపు దిగే దారిలో మీరు కాస్త ఎత్తున ఉంటారు. అక్కడ ఆగి చూడండి.

వైడ్‌తో తీసేటప్పుడు దగ్గరి అరుగూ దూరపు విగ్రహమూ రెండూ స్పష్టంగా కావాలంటే 24, f/8 దగ్గర ఫోకస్‌ను రెండున్నర మీటర్ల దూరంలో పెట్టండి. ఒక మీటరు పైచిలుకు నుంచి కనుచూపు మేర దాకా పట్టు దొరుకుతుంది. విగ్రహం మీద ఫోకస్ పెడితే ముందరి రాయి పోతుంది.

పెన్నా గట్టు · డిసెంబర్ 15, ఉదయం 7:40

ఎత్తు నుంచి అంటే విగ్రహం వీపు, పక్క కనిపించవచ్చు. వెనుక నుంచి తీయడం నాకు అంత బాగా అనిపించదు. పెద్దల వీపు తీయకూడదని మా అమ్మ అనేది.

ఒంగోలు మాస్టారు · డిసెంబర్ 15, ఉదయం 8:05

మీ అమ్మగారి మాటను గౌరవిస్తాను. అయినా ఒక్కసారి ఆలోచించండి. ఎదుట నిలబడితే మనం ఆయన్ను చూస్తాం. వెనుక నిలబడితే ఆయన చూస్తున్నది మనమూ చూస్తాం. ఆయన ఎదుట ఏముంది? నలభై నాలుగు అంగళ్ళ అరుగులు, పైకప్పులు కాలిపోయి, బేరాలు ఆగిపోయి. తాను నిలిపిన రాజధానిని ఆ రాజు ఇప్పుడు ఎలా చూస్తున్నాడో చెప్పే ఫోటో ఎదుట నిలబడితే రాదు. ఎదుట నుంచి తీసింది పటం కట్టించి ఇంట్లో పెట్టుకోండి. వెనుక నుంచి తీసింది తరగతి గదిలో పెట్టాలి.

పెన్నా గట్టు · డిసెంబర్ 15, ఉదయం 8:30

రెండూ తీయండి తమ్ముడూ. మాస్టారు నన్ను ఒప్పించారు.

కావలి కెమెరా · జనవరి 19, రాత్రి 9:15

పాచాడ్ చేరాం, కోట కింది ఊరు. శివాజీ తల్లి జిజాబాయి సమాధి ఇక్కడే, చీకటి పడకముందే దర్శించుకున్నాం. రేణిగుంట మీదుగా రైల్లో పుణె వచ్చి, అక్కడి నుంచి కారులో ఘాట్ దిగి వచ్చాం. నాన్నగారు అలసిపోయారు కానీ పడుకోవడం లేదు. కిటికీలోంచి చీకట్లో కొండను చూస్తున్నారు. రేపు ఉదయం మొదటి ట్రాలీ.

సోమశిల గాలి · జనవరి 19, రాత్రి 9:32

నాన్నగారికి టోపీ, శాలువా మరిచిపోకండి అన్నయ్యా. పైన ఉదయం గాలి కోస్తుంది.

కావలి కెమెరా · జనవరి 24, సాయంత్రం 6:20

నిన్న ఇంటికి చేరాం. ఫోటోలు సర్దుకుని ఇప్పుడు రాస్తున్నాను. కాస్త పొడవైనా ఓపికగా చదవండి.

ట్రాలీ దిగి నగారఖానా కింద అడుగు పెట్టేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. పెన్నా గట్టు అన్న చెప్పింది అక్షరాలా నిజం. కుడి చెంప మీద వెలుగు. ద్వారం కమాను నీడలో నేను నిలబడి, ఎదుట ఎండలో సభ అంతా పరిచినట్టు ఉండగా, ఆ కొసన మేఘడంబరి. కమానునే చట్రంగా పెట్టి 100 దగ్గర తీశాను. సింహాసనం దగ్గర గుసగుసగా మాట్లాడినా నగారఖానా దగ్గర వినబడుతుందని అక్కడివాళ్ళు చెప్పారు. నాన్నగారు ద్వారం దగ్గరే నిలబడి చెవి ఒగ్గారు. సభలో ఎవరో పిల్లవాడు కాగితం చింపిన చప్పుడు వినబడిందని చెప్పి నా చేయి పట్టుకున్నారు.

మేఘడంబరి దగ్గర ఆయన్ను నిలబెట్టలేదు. ఆయన కూడా అడగలేదు. దూరంగానే చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు.

హోళీచా మాళ్‌లో రెండు పూటలూ గడిపాం. పగటి ఎండలో తీసినవి పోయాయి, మూడు ఎక్స్‌పోజర్లు కలిపినా రాళ్ళు పిండి బొమ్మల్లా వచ్చాయి. సాయంత్రం ఎండ పక్క నుంచి అరుగుల మీద పడి, ప్రతి అరుగు పక్కనా నీడ గీత గీసినట్టు పడింది. అప్పుడు వీధిలో వెనక్కి నడుచుకుంటూ పోయాను. 200 దగ్గర విగ్రహం వీధి కొసన సరిగ్గా కూర్చుంది. ఈలోగా నాన్నగారు నా మాట వినకుండా కర్ర తీసుకుని ఒక వరుస వెంట నడవడం మొదలుపెట్టారు. చట్రంలోకి వస్తున్నారు, పక్కకు రమ్మని పిలుద్దామని నోరు తెరిచాను. ఆయన అరుగులు లెక్కపెడుతున్నారు. తరగతిలో హాజరు పిలిచే గొంతుతో, ఒక్కొక్క అరుగును కర్రతో తాకుతూ ఒకటి, రెండు, మూడు. నేను పిలవలేదు. ఇరవై రెండు దగ్గర ఆగి, కర్ర ఆనించి, తల ఎత్తి విగ్రహం వైపు చూశారు. అప్పుడు తీశాను.

ఆ ఫోటోలో నాన్నగారి ముఖం లేదు, వీపే ఉంది. చుట్టూ అరుగులు, కొసన విగ్రహం. వెనుక ఒక కుటుంబం, ఒక ఇనుప కంచె, కుడి మూలన నీళ్ళ సీసా కూడా ఉన్నాయి. ఏదీ చెరపలేదు. ఆయన దాన్ని చూసి, "ఇదేరా నేనడిగింది" అన్నారు.

వెనుక నుంచి విగ్రహాన్ని కూడా తీశాను మాస్టారూ. పదహారు అంగుళాల వెడల్పుతో ప్రింటు వేయించాను. ఆయన పనిచేసిన బడిలో ఇచ్చి వస్తామన్నారు.

హిరోజీ మెట్టు దగ్గర ఫోటో తీయలేకపోయాను. నాన్నగారు ఆ మెట్టు తొక్కకుండా ఎలా దాటాలా అని వంగి చూస్తుంటే ఆయన్ను పట్టుకోవడమే సరిపోయింది.

ఒంగోలు మాస్టారు · జనవరి 24, సాయంత్రం 6:55

ఆ ఫోటో తీయకపోవడమే మంచిదైంది. ఒంగోలు వచ్చినప్పుడు నాన్నగారిని మా ఇంటికి తీసుకురండి. ఇద్దరం కలిసి ప్రకాశం పంతులుగారి విగ్రహం దగ్గర కాసేపు కూర్చుంటాం. సైమన్ కమిషన్ వచ్చిన 1928లో మద్రాసులో తుపాకులకు గుండె చూపిన మనిషి విగ్రహం ఎదుట ఇద్దరు సాంఘిక శాస్త్రం మాస్టర్లకు మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

చీమకుర్తి రాయి · జనవరి 24, రాత్రి 7:30

నీళ్ళ సీసా ఉండనివ్వడం నాకు కష్టంగానే ఉంది. తీసేముందు నడిచి వెళ్ళి సీసాను చేత్తో తీసేయాలి తమ్ముడూ. అది చెరపడం కాదు, శుభ్రం చేయడం.

కావలి కెమెరా · జనవరి 24, రాత్రి 7:42

నిజమే అన్నా. ఆ క్షణంలో కదిలితే ఇరవై రెండు దాటిపోయేది. ఫోటో అయ్యాక సీసాను నేనే తీసి చెత్తబుట్టలో వేశాను.

దుర్గం దారి · జనవరి 24, రాత్రి 9:10

అన్నా, మూడుసార్లు చదివాను. నాన్నగారు మా కొండ కిందికైనా రాగలరా? పైకి ఎక్కనక్కరలేదు, రంగనాయకుల గుడి దాకా కారు వస్తుంది.

కావలి కెమెరా · జనవరి 24, రాత్రి 9:25

ఇప్పుడే అడిగాను తమ్ముడూ. ఉదయగిరి ముట్టడి పాఠం కూడా తనే చెప్పేవాడినని, చూడకుండా చెప్పిన పాఠం అది కూడా ఒకటని అన్నారు. ఫిబ్రవరి మొదటి ఆదివారం వస్తాం. ఈసారి దుప్పటి నేను కప్పుకుంటాను, కెమెరా నువ్వు పట్టుకో.

కందుకూరు క్లిక్ · జనవరి 24, రాత్రి 9:40

నేను కూడా వస్తాను. కంప కొట్టడానికి కత్తి తెస్తాను. రాళ్ళ మీది రంగుల జోలికి మాత్రం వెళ్ళను. తెలియకుండా గోకితే రాయి పాడవుతుందని చీమకుర్తి అన్న ముందే తిడతాడు.

చీమకుర్తి రాయి · జనవరి 24, రాత్రి 9:48

తిట్టను. వచ్చి చూపిస్తాను. కంప కూడా గోడలో వేరు దిగినచోట లాగకండి, పైపైన కొట్టండి. వేరుతో పాటు రాయి ఊడి వస్తుంది. ఎన్ని గంటలకు?

దుర్గం దారి · జనవరి 24, రాత్రి 9:55

తెల్లవారుజామున ఐదింటికి, గుడి ముందు. టీ మా ఇంట్లో.